వెండికి గడి లేని కాగితం

జూన్ 4
షాపు

ఒసేయ్ బుడంకాయా,

నువ్వు రేవుకి వెళ్లి నాలుగు నెలలు దాటింది. మీ నాన్నకి వారానికోసారి ఫోన్ చేస్తున్నావట. నాకు చేయకపోవడమే మంచిది. నలభై ఏళ్లు మోటార్ల హోరులో కూర్చున్న చెవులివి. మొన్న నువ్వు "జ్వరం తగ్గింది" అంటే నాకు "జీతం తగ్గింది" అని వినపడి, మీ నాన్నకి చెప్పి ఇల్లంతా గోల చేశాను. కాబట్టి మనిద్దరికీ ఉత్తరాలే.

ఇంతకీ ఎందుకు రాస్తున్నానంటే, నా బుర్రలో ఒక ప్రశ్న దిగబడింది. నిన్న పిండిమర ఆవిడ తన మోటారు మోయించుకొచ్చి బల్ల మీద పెట్టించింది. విప్పితే లోపల వైండింగ్ మొత్తం బొగ్గు. సరే, తిరగచుట్టాలని కొత్త తీగ చుట్ట తీశాను. ఎన్నేళ్లుగానో తీస్తున్నవే. కానీ చుట్ట పక్కన అతికించిన చీటీ ఎన్నడూ చదవలేదు. నిన్న చదివాను. ఎక్కడో సముద్రాల అవతలి దేశం పేరు ఉంది దాని మీద. రాగి తీగ అది. నా గుమ్మంలో నిలబడితే రాగి కొండ కనపడుతుంది. సగం తవ్వేశారు గనక ఇప్పుడు సగమే కనపడుతుంది. రోజుకి రెండుసార్లు అక్కడ పేలుళ్లకి నా డబ్బాలో స్క్రూలు గలగలమంటాయి. రాగి ఇక్కడ, తీగ అక్కణ్ణుంచి. ఇదేం లెక్క?

పిండిమర ఆవిణ్ణే అడిగాను.

"నీకు వేరే పనేం లేదా? నా మోటారు ఎప్పటికిస్తావో చెప్పు" అంది.

పని బోలెడుంది. అయినా వచ్చినవాళ్లనల్లా అడుగుతున్నాను. కింద ఇంత సంపద పెట్టుకుని మనం ఇంత బీదగా ఎందుకున్నాం అని. మన వీధి నీకు తెలుసుగా, సగం ఇళ్లకి రేకుల కప్పే. బడిలో మూడు తరగతులకి ఒకటే గది. పంపు రిపేరుకి తెచ్చినాయన "మనవాళ్లకి ఒళ్లు వంగదు" అన్నాడు. ఆ మాటన్నవాడు పొద్దున్నే లేచి, ఆ పంపుని సైకిలుకి కట్టుకుని ఏడు మైళ్లు నడిపించుకుంటూ వచ్చాడు! టైలరు "పైవాళ్లు తినేశారు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఏం తిన్నారు, ఎలా తిన్నారు అంటే మాత్రం తెలీదట. పటాల మాస్టారు, అదే, రిటైరైనా ఇంటి గోడలనిండా మ్యాపులు తగిలించుకుని కూర్చుంటారే, ఆయన మాత్రం "ఒక్క మాటలో చెప్పలేనమ్మా, ఆదివారం తీరిగ్గా రా" అన్నారు.

నువ్వు రేవులో పరీక్ష చేసేది మన కొండ నుంచి వచ్చిన సరుకే కదా? అదెక్కడికి పోతుందో, ఎలా పోతుందో కాస్త చూసి రాయి. తొందరేం లేదు. తొందర లేదని పది రోజులు ఆగకు.

తలకి నూనె రాసుకో.

మీ అత్త


జూన్ 15
రేవు

అత్తకి,

నీ ఉత్తరం క్యాంటీనులో చదువుకుంటూ ఒక్కదాన్నే నవ్వుతుంటే పక్క బల్లవాళ్లు నాకేదో అయిందనుకున్నారు. జీతం తగ్గలేదు. జ్వరం తగ్గింది.

రేవులో ఉన్నానంటే సముద్రం చూస్తూ కూర్చుంటానని అనుకుంటున్నావేమో. నా గది మూడో అంతస్తులో ఉంది. కిటికీలోంచి క్రేన్లు మాత్రమే కనపడతాయి. సముద్రం వాసన వస్తుందంతే.

ఇక నీ ప్రశ్న. కొండ నుంచి ఇక్కడికొచ్చేది రాగి కాదత్తా. రాయిని మెత్తగా పిండి చేసి, నీళ్లలో మందు కలిపి నురగ లేపుతారు. రాగి ఉన్న రేణువులు ఆ నురగతో పైకి తేలతాయి. వాటిని ఆరబెడితే నల్లటి పొడి. అందులో నాలుగో వంతు రాగి, మిగతాది ఇనుము, గంధకం, ఇంకా ఏవేవో. లారీల్లో వస్తుంది. ప్రతి లారీలోంచి గొట్టం గుచ్చి శాంపిల్ తీస్తాం. దాన్ని యాసిడ్‌లో కరిగించి రాగి ఎంతుందో చెప్పడం నా పని. తర్వాత పొడి ఓడెక్కుతుంది. కరిగించడం, శుద్ధి చేయడం, కడ్డీ పోయడం, తీగ లాగడం, అంతా అవతలే. మనం పొడి అమ్మి తీగ కొంటున్నాం. మధ్యలో ఉన్న పని, ఆ పని చేసేవాళ్ల జీతాలు, ఆ జీతాలతో నడిచే కొట్లు, అన్నీ వాళ్ల ఊళ్లలోనే.

మరి ఇక్కడే ఎందుకు కరిగించరని మా పెద్ద కెమిస్టుని అడిగాను. ఆయన్ని అందరూ బూడిద సారు అంటారు. ఎప్పుడు చూసినా కొలిమి ముందే, చొక్కా మీద బూడిదతోనే ఉంటారు. "నాలుగు నెలల్లో నువ్వడిగిన మొదటి మంచి ప్రశ్న ఇది" అన్నారు గానీ జవాబు చెప్పలేదు. దానికి బదులు ఒకటి చూపించారు. మన పొడిలో సీసం కలిపి కరిగించి, ఎముకల బూడిదతో చేసిన చిన్న గిన్నెలో పెట్టారు. కొలిమిలో ఆ గిన్నె సీసాన్నంతా పీల్చేసుకుంది. అడుగున ఆవగింజలో సగం కూడా లేని పూస మిగిలింది, తళతళలాడుతూ. వెండి! కొంచెం బంగారం కూడా. మన కొండదే అత్తా. నాకు ఒళ్లు జల్లుమంది.

ఇంకో విచిత్రం. మా ల్యాబు గని కంపెనీదే కదా, ప్రతి సరుకుకీ మేం రెండు కాగితాలు తయారుచేస్తాం. ఓడకిచ్చే దాంట్లో మూడు గడులుంటాయి. రాగి, వెండి, బంగారం. మన ప్రభుత్వానికి పంపేదాంట్లో ఒకటే గడి. రాగి. వెండి రాద్దామన్నా అందులో చోటు లేదు. ఎందుకో కనుక్కుని రాస్తాను.

నూనె రాసుకుంటున్నాను.

నీ బుడంకాయ


జూన్ 27
షాపు

బుడంకాయా,

వెండి! బంగారం! ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇంతకాలం రాగి కొండ, రాగి కొండ అని అనుకుంటూనే బతికేశాం. నేను ఎవరికీ చెప్పలేదు, పిండిమర ఆవిడకి తప్ప. ఆవిడకి చెబితే మైకులో చెప్పినట్టే. ఆ సంగతి నాకు తెలుసు. అయినా నోరాగలేదు. "అంటే దొంగతనం జరుగుతోందన్నమాట" అంది. అంతే కదా మరి?

ఆదివారం పటాల మాస్టారింటికి వెళ్లాను. గోడమీది ప్రపంచ పటానికి మన ఊరి నుంచి ఎర్రదారం కట్టి ఉంది. "ఈ దారం చివర ఉన్న దేశాలు మన పొడిని పన్ను లేకుండా రానిస్తాయమ్మా. అదే తీగ చేసి పంపితే పన్ను వేస్తాయి" అన్నారు. "అదేం న్యాయం మాస్టారూ?" అంటే "వాళ్ల పనివాళ్లకి న్యాయమే కదా" అని నవ్వారు.

రెండోది కరెంటు. ఆనకట్ట దగ్గర పుట్టే కరెంటు ముందు గనికి పోతుంది. వాళ్లు వాడుకోగా మిగిలింది మనకి. అందుకే సాయంత్రమయ్యేసరికి వోల్టేజీ చచ్చిపోతుంది. వోల్టేజీ చచ్చినప్పుడు మోటారు బరువు లాగలేక వేడెక్కి కాలుతుంది. ఇదంతా నాకు చేతి వేళ్లకి తెలిసిన సంగతే, మాటల్లో ఎప్పుడూ పెట్టుకోలేదంతే. అంటే ఏమిటే? ఊళ్లో కరెంటు బాగాలేదు గనక నా పొయ్యి వెలుగుతోంది. ఇది తట్టాక రెండు రోజులు అదోలా అయిపోయాను.

ఇంకోటి. ఈ పదేళ్లలో నా దగ్గర పని నేర్చుకుందామని ఆరుగురు ఆడపిల్లలు వచ్చారు. ఆరుగురూ గని క్యాంటీనుకి, ఆఫీసుకి వెళ్లిపోయారు. అక్కడి జీతం నేనివ్వలేను. తప్పుపట్టను. కానీ పోయిన నెల ఎక్కడో రాగి ధర పడిపోయిందట, ఇక్కడ ఒక షిఫ్టు ఆపేశారు. వాళ్లలో నలుగురు ఇంట్లో కూర్చున్నారు. చేతిలో ఉద్యోగమూ లేదు, నేర్చిన పనీ లేదు.

అసలు కబురు ఇప్పుడు చెబుతున్నాను. గని లీజు ముప్పై ఏళ్లూ అయిపోవచ్చిందట. ఇంకో ముప్పై ఏళ్లు కావాలంటున్నారు. ఇవ్వకపోతే మూసేస్తామని చెవిన వేస్తున్నారు. జులై 30న బడి ఆవరణలో మీటింగు. ఊరివాళ్లంతా వచ్చి అభిప్రాయం చెప్పాలట. షాపు మూసేసి వెళ్తాను.

మీ అత్త


జులై 8
రేవు

అత్తా,

షాపు మూసేస్తావా? ఎందుకు? నాలుగు రోజుల నుంచి మనసు బాగాలేదు. పిండిమర ఆవిడ ఏమన్నా అందా? కరెంటు బాగాలేకపోవడం నీ తప్పు కాదు కదా. నలభై ఏళ్ల షాపు ఇలా మూసేస్తే ఎలా? నాన్నతో మాట్లాడమని చెప్పాను.

వెండి సంగతి. దొంగతనం కాదత్తా. దొంగతనమైతే ఎవరో ఒకర్ని పట్టుకునేవాళ్లం. బూడిద సారు ఇన్నాళ్లకి నోరు విప్పారు. ముప్పై ఏళ్ల కిందట కూడా ఇలాగే ధరలు పడిపోయాయట. మందులకీ డీజిలుకీ కట్టడానికి ప్రభుత్వం దగ్గర విదేశీ డబ్బు లేదు. ఆ సమయంలో కంపెనీ వచ్చి ముందుగా కొంత ఇస్తాం, సంతకం పెట్టండి అంది. ఒక్క వారంలో అయిపోయింది. అటు పదకొండుమంది లాయర్లు, ఇటు ఒక ఆఫీసరు, ఇద్దరు గుమాస్తాలు. కొండలో ఏముందో వాళ్లు అప్పటికే తవ్వి చూసుకున్నారు. మనవాళ్లు చూడలేదు. ఒప్పందంలో రాగి మీద వాటా ఇస్తామని రాశారు. మిగతా లోహాల మాటే లేదు. ఆ ఒప్పందాన్ని బట్టి ఫారం వేశారు, ఒకే గడితో. ఆ ఫారమే ఇవాళ్టికీ నడుస్తోంది. "ఎవరూ మార్చమనలేదా సార్?" అన్నాను. "మార్చమనాలంటే ఆ గడి లేదని తెలియాలి కదమ్మా" అన్నారు.

మరి కొలిమి ఇక్కడే పెట్టొచ్చు కదా అంటే, మన కొండ పొడి ఒక్కటే ఆ కొలిమికి చాలదట, పైగా బోలెడు కరెంటు కావాలట. నాకు ఉసూరుమంది. అప్పుడాయన ఇంకో మాటన్నారు. తీగ లాగడానికి కొలిమి అక్కర్లేదు, రాగి కడ్డీ కొనుక్కుంటే చాలు, నీలాంటి వాళ్లు పదిమంది కలిస్తే ఒక యంత్రం పెట్టుకోవచ్చు అని. చివరి పని ముందు నేర్చుకుని ఒక్కో మెట్టూ వెనక్కి నడవాలంటారాయన. నిజమో కాదో నువ్వే చెప్పాలి, తీగ సంగతి నీకు తెలిసినంత మాకు తెలీదు.

మీటింగులో వెండి గురించి అడగాలనిపిస్తే అడుగు. నా పేరు మాత్రం ఎత్తకు, నీకు పుణ్యముంటుంది.

షాపు మూయకు.

నీ బుడంకాయ


ఆగస్టు 1
షాపు

ఒసేయ్ పిచ్చిదానా,

షాపు మూసేది మీటింగు రోజు మాత్రమే! మీ నాన్న పరిగెత్తుకుంటూ వచ్చి "అక్కా, తొందరపడకు, కూర్చుని మాట్లాడుకుందాం" అని నా చేతిలో స్క్రూడ్రైవరు లాగేసుకున్నాడు. నాకేం అర్థం కాలేదు. మీ నాన్న నా మాట వినక, నాకు మీ నాన్న మాట వినపడక అరగంట కుస్తీ.

మీటింగు సంగతి విను. బడి ఆవరణంతా జనం. కంపెనీ తరఫున కోటు ఆయన వచ్చాడు. ఎండ మండిపోతున్నా కోటు విప్పని మనిషి. పక్కన ప్రభుత్వం ఆఫీసరమ్మ. నేను మొదటి వరసలో కూర్చున్నాను, పెదాలు చూస్తే సగం అర్థమవుతుందని. పటాల మాస్టారు పక్కన కూర్చుని మిగతా సగం చీటీల మీద రాసిచ్చారు.

కోటు ఆయన, "ఈ గని లేకపోతే ఈ ఊరే లేదు" అన్నాడు.

నేను లేచాను. "ఉందయ్యా. మా తాత ఈ ఊళ్లోనే పుట్టాడు. మీరొచ్చి ముప్పై ఏళ్లే."

అందరూ నవ్వారు. ఆ ఊపులో అడిగేశాను. "ఓడకిచ్చే కాగితంలో వెండికి గడి ఉంది. ప్రభుత్వానికిచ్చే కాగితంలో ఎందుకు లేదు?"

"వెండి ఏమిటమ్మా? ఎవరు చెప్పారు మీకు?"

"రేవు ల్యాబులో పనిచేసే మా మేనకోడలు."

నీ పేరు ఎక్కడా ఎత్తలేదు, చూశావా.

ఆయన మొహం మాడిపోయింది. "అంతా ఒప్పందం ప్రకారమే జరుగుతోంది" అన్నాడు.

"సరే, ఆ ఒప్పందం ఎక్కడుందో చెప్పండి. చదువుకుంటాం."

"అది రహస్య పత్రం."

"మా కొండ గురించి రాసుకున్న కాగితం మాకే రహస్యమా?"

తర్వాత నాకేం వినపడలేదు. నా చెవుల సంగతే అనుకున్నాను. మాస్టారు చీటీ రాసిచ్చారు, "నిజంగానే ఎవరూ మాట్లాడటం లేదు" అని. ఆఫీసరమ్మ వైపు చూశాను. ఆవిడ తల దించుకుని కాగితాలు సర్దుకుంటోంది. ఆవిడా చదవలేదని నాకర్థమైంది. సెప్టెంబరులో విచారణ సంఘం వస్తుందని చెప్పి మీటింగు ముగించారు.

బయటికొచ్చేసరికి పిండిమర ఆవిడ దారికడ్డంగా నిలబడింది. "మోటార్లు కాలితే నీకు తిండి. గని నడిస్తే మాకు తిండి. మా పిల్లాడి ఉద్యోగం నీ నోటివల్ల పోయిందో, చూడు మరి" అంది. ముప్పై ఏళ్ల స్నేహం. ఆ మాట మాత్రం ప్రతి అక్షరం వినపడింది.

తీగ యంత్రం సంగతి బాగుంది. కడ్డీ ఎంత మందం ఉండాలో, సన్నబడటానికి ఎన్ని అచ్చు రంధ్రాల్లోంచి లాగాలో బూడిద సారుని అడిగి రాయి.

మీ అత్త


ఆగస్టు 9
రేవు

అత్తకి,

పేరు ఎత్తలేదన్నావు. రేవు ల్యాబులో ఆ ఊరి మేనకోడలు ఎంతమంది ఉంటారనుకున్నావు?

సోమవారం నాకు నోటీసు ఇచ్చారు, బయటివాళ్లకి సమాచారం ఎందుకిచ్చావో సంజాయిషీ రాయమని. మంగళవారం బల్ల దగ్గర్నుంచి తీసేసి శాంపిళ్ల గోడౌనులో వేశారు. సీసాలు కడిగి, పాత సంచులు బయటికి మోస్తున్నాను. నాలుగేళ్లు చదివింది ఇందుకా అని కడుపు మండిపోతోంది. నువ్వు కావాలని చేయలేదని తెలుసు. అదే ఇంకా కోపంగా ఉంది, గట్టిగా తిట్టడానికి కూడా లేకుండా.

కొన్నాళ్లు నాకు ఉత్తరాలు రాయకు. ఇక్కడ కవర్ల మీద చేతిరాత చూస్తున్నారు.

ఉంటాను.


ఆగస్టు 19

బుడంకాయా,

ఉత్తరం రాయకన్నావు. అందుకే ఇది ఉత్తరం కాదు, చీటీ. కవరు మీద మాస్టారితో రాయించాను.

నా నోరు నీ కూడు తీసింది. నిద్ర పట్టడం లేదు. నిన్న కోటు ఆయన షాపుకొచ్చాడు. మంచిగానే మాట్లాడాడు. మీటింగులో నేను చెప్పింది పొరపాటనీ, వెండి సంగతి నేనే కల్పించాననీ కాగితం మీద సంతకం పెడితే నిన్ను మళ్లీ బల్ల దగ్గర కూర్చోబెడతారట. సెప్టెంబరు 2న వాళ్ల ఆఫీసుకి రమ్మన్నాడు. పెట్టేస్తాను. ముసలిదానికి మతి పోయిందనుకుంటారు, అనుకోనీ.

జవాబు రాయనక్కర్లేదు.

అత్త


ఆగస్టు 26
రేవు

అత్తా, సంతకం పెట్టకు!

గోడౌన్‌లో పడేశారని ఏడ్చినదాన్ని, ఇక్కడే అసలు సంగతి చూశాను. గదినిండా అరల మీద మన కొండ పొడి, ప్రతి ఓడదీ ఒక్కో పొట్లం, ముప్పై ఏళ్లవి. ప్రతి పొట్లం మీద తేదీ ఉంది. కొంటున్నవాళ్లతో పేచీ వస్తే మళ్లీ పరీక్ష చేయడానికని దాచారు. ఇన్నేళ్లలో వెండి ఎంత పోయిందో ఎవరికీ తెలియదని చెప్పడానికి ఇక వీల్లేదు. మళ్లీ కరిగించి చూస్తే సరిపోతుంది.

బూడిద సారు నిన్న గోడౌనులోకి వచ్చారు. ఎనిమిది నెలల్లో రిటైరవుతారు, పింఛను కోసం చూస్తున్నారు. అరలన్నీ తిరిగి, వెళ్లేముందు ఒక్క మాటన్నారు. "పాత సంచులు పారేయమన్నారు కదూ? పొట్లాల జోలికి మాత్రం పోకు. విచారణవాళ్లు అడిగితే, ఎక్కడున్నాయో చెప్పడం తప్పు కాదు."

విచారణ సంఘం రేవుకీ వస్తోంది. ఎవరైనా వెళ్లి చెప్పుకోవచ్చట. నేను వెళ్తున్నాను. నువ్వు కల్పించానని సంతకం పెడితే నా మాట చెల్లదు. ఈ ఉత్తరం నీకు టైముకి అందితే బాగుండు. నాన్నకి ఫోన్ చేస్తే కలవడం లేదు.

కోపం పోయింది.

నీ బుడంకాయ


సెప్టెంబరు 3
షాపు

బుడంకాయా,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. నేను నిన్ననే వెళ్లొచ్చాను.

కంగారుపడకు. చెప్పేది విను. కోటు ఆయన ఆఫీసులో చల్లగాలి మిషను, మెత్తటి కుర్చీ. కాగితం ముందు పెట్టి పెన్ను చేతికిచ్చాడు. చదివాను. ఆయన చెప్పినంత వరకూ ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది, లీజు ఇంకో ముప్పై ఏళ్లు పొడిగించడానికి నాకు అభ్యంతరం లేదని. "ఇది చెప్పలేదే?" అన్నాను. "మామూలేనమ్మా, అందరి దగ్గరా తీసుకుంటున్నాం" అన్నాడు.

నిన్ను తలుచుకుంటే చెయ్యి పెన్ను మీదికే పోతోంది. నిజం చెబుతున్నాను, పెట్టేసేదాన్నే. అప్పుడు తలుపు తోసుకుని పిండిమర ఆవిడ వచ్చింది. నాకోసం కాదు. వాళ్ల అబ్బాయి షిఫ్టు కూడా ఆపేశారట, ఆ నోటీసు పట్టుకుని అడగడానికొచ్చింది. నన్ను చూసింది, నా ముందున్న కాగితం చూసింది.

"ఇదే కాగితం మీద నేను పోయినవారం సంతకం పెట్టానే. మా వాడి ఉద్యోగం పోదన్నారు" అంది.

ఇద్దరం కోటు ఆయన వైపు చూశాం. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. ఆవిడ నా చేతిలో పెన్ను తీసుకుని బల్ల మీద పెట్టి, "లే, పోదాం" అంది. ఇంటిముందు ఆగి, "నా మోటారు మళ్లీ వేడెక్కుతోంది, రేపు చూడు" అంది. అంతే, కలిసిపోయాం.

నువ్వు వెళ్లి చెప్పు. నిదానంగా చెప్పు, నాలా అరవకు.

మీ అత్త


సెప్టెంబరు 21
రేవు

అత్తా,

వెళ్లాను, చెప్పాను. పొడవాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. రెండు కాగితాల గురించి చెప్పాను. మధ్యలో ఉన్న పెద్దాయన, "ఇవి రహస్యాలు కావా అమ్మా? చెప్పకూడదేమో" అన్నారు.

"ఓడకిచ్చే కాగితం ప్రతి వారం పరాయి దేశానికి పోతోంది సార్. అక్కడ అందరూ చదువుతున్నారు. రహస్యం మన దగ్గరే" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పొట్లాల గదికి అదేరోజు సీలు వేయించారు. తాళం అప్పగించడానికి బూడిద సారునే పిలిచారు. "అన్నీ వరసగా ఉన్నాయా?" అని అడిగితే, "ఒక్కటి కూడా తప్పలేదు" అన్నారాయన. ఆ గొంతులో గర్వం విన్నాను. ముప్పై ఏళ్లు ఆయన ఎందుకు ఊరుకున్నారో అడగాలనుకున్నాను. అడగలేకపోయాను.

మర్నాడే నన్ను ఇక పనికి రావద్దన్నారు. అంతా అనుకున్నదే. ఇంటికి వస్తున్నాను. ఇంట్లో ఎన్నాళ్లుంటానో తెలీదు. ఉన్నన్నాళ్లూ నాకు వైండింగ్ నేర్పు.

నీ బుడంకాయ


జనవరి 19
షాపు

బుడంకాయా,

మూడు నెలలు పక్కనే ఉండి వెళ్లేసరికి బల్ల బోసిపోయింది. నువ్వు చుట్టిన ఫ్యాన్ కాయిల్ రెండు తిరిగొచ్చాయి. ఏం ఫర్వాలేదు, నా మొదటి పది తిరిగొచ్చాయి. నీకు కొత్తగా ఉద్యోగమిచ్చిన ఆ ప్రభుత్వ ల్యాబుకి త్రాసు వచ్చిందా? రెండు గదులూ ఒక కొలిమీ పెట్టి ఖనిజాల ల్యాబు అని బోర్డు కట్టారన్నావు. త్రాసు లేకుండా పూసని దేంతో తూస్తారు, కళ్లతోనా?

ఇక్కడి కబుర్లు. లీజు ముప్పై ఏళ్లకి కాదు, ఐదేళ్లకే ఇచ్చారు. కొత్త ఫారంలో మూడు గడులున్నాయట. వెండి మీద వాటాలో కొంత ఇక్కడి బడికీ కరెంటు లైనుకీ అన్నారు. లైను స్తంభాలు వచ్చి రోడ్డు పక్కన పడున్నాయి. నిలబెడితే అప్పుడు నమ్ముతాను. టైలరు మాత్రం "అంతా మాయ, చూస్తూండు" అంటున్నాడు. చూస్తూనే ఉన్నాను. తీగ యంత్రం ధర కనుక్కున్నాం. వైండింగ్ వాళ్లం తొమ్మిదిమంది తేలాం, పదోవాళ్లు కావాలి. లైను సరిగ్గా వస్తే మోటార్లు కాలడం తగ్గుతుంది, అప్పుడు నాకు ఆ యంత్రమే దిక్కు.

పిండిమర ఆవిడ కొడుక్కి ఇంకా పని దొరకలేదు. ఆవిడ ముందు ఈ మంచి కబుర్లన్నీ చెప్పడానికి నాకు నోరు రాదు.

అన్నిటికన్నా పెద్ద కబురు. ఒప్పందాన్ని బయటపెట్టారు! రెండువందల పన్నెండు పేజీలు. ఒక ప్రతి పోస్టాఫీసులో తాడుకి కట్టి వేలాడదీశారు. మాస్టారు కూర్చుని దాన్ని మొత్తం చేత్తో ఎత్తి రాశారు. ఆదివారాలు షాపులో బల్లలు జరిపి గట్టిగా చదువుతున్నాం. ఒకరు చదవడం, మిగతావాళ్లు ఆపి అడగడం. "యెడల", "పర్యంతము" అంటూ ఉంటుంది, అర్థం చేసుకునేసరికి తలప్రాణం తోకకొస్తోంది. మొదటి ఆదివారం ఏడుగురు. ఇప్పుడు గుమ్మం బయట కూడా నిలబడుతున్నారు. మొన్న పదిహేనో పేజీ అంతా అయ్యేసరికి మూడు గంటలు పట్టింది, నీళ్ల గురించి.

నిన్న చదువుతుంటే జనం ఒక్కసారి పక్కకి జరిగారు. చూస్తే కోటు ఆయన. ఈసారి కోటు లేదు, మామూలు చొక్కా. పిండిమర ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని లేచింది. గొడవే అనుకున్నాను.

ఆయన ఏదో అన్నాడు, చాలా మెల్లగా. నాకు వినపడలేదు. "గట్టిగా చెప్పయ్యా" అన్నాను.

మొహం ఎర్రబడింది. అందరి ముందూ గొంతు పెంచి చెప్పాడు.

"నేనూ ఎప్పుడూ చదవలేదండీ. పన్నెండేళ్లుగా ఒప్పందం ప్రకారం, ఒప్పందం ప్రకారం అంటున్నాను. నాకూ చూపించలేదు."

ఎవరూ నవ్వలేదు. పిండిమర ఆవిడ తన స్టూలు ఆయన వైపు జరిపి, తను మోటారు పెట్టె మీద కూర్చుంది.

అప్పటికి పదహారో పేజీలో ఉన్నాం. మాస్టారు వేలు పెట్టి పేజీ ఆపి, నావైపు చూశారు. మొదటి పేజీకి తిప్పమన్నాను.

మీ అత్త